బడికి పంపిన పెట్టె

కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని తెలుగు బడికి ఒక్క పుస్తకాల పెట్టె పంపించడానికి కారుణ్యకు ఏడాదిన్నర పట్టింది.

ఆమె భవానీపూర్‌లోని ఒక పబ్లిక్ లైబ్రరీలో, బడుల విభాగంలో పనిచేస్తుంది. చెప్పుకోవడానికి తేలికైన పనే. బడులకు పుస్తకాల పెట్టెలు పంపాలి, టీచర్లను శనివారాలు పిలిచి శిక్షణ ఇప్పించాలి, పిల్లలను ఏడాదికొకసారి లైబ్రరీకి రప్పించి చూపించాలి. బెంగాలీ బడులకు పెట్టెలు వెళ్ళాయి. హిందీ బడులకు వెళ్ళాయి. మెటియాబ్రుజ్‌లో దర్జీల పిల్లలు చదివే ఉర్దూ బడికీ వెళ్ళింది. తను చదువుకున్న తెలుగు బడి మాట ఎత్తినప్పుడల్లా విభాగం అధికారి ఘోషాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఒకటే అడిగేవాడు.

"కలకత్తాలో తెలుగు చదివేదెవరు, కారుణ్యా?"

"మా నాన్న చదువుతారు సార్," అంది మొదటిసారి.

ఘోషాల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె తండ్రి ఎలీయాజరు ఓడల డాక్‌లో క్రేన్ నడిపి రిటైరైనవాడు. పొద్దున్నే బైబిలు చదువుతాడు. ఆ తర్వాత, విశాఖపట్నం నుంచి ఎవరైనా సామాను తెస్తే దాన్ని చుట్టిన తెలుగు పేపరును మడతలు సాపు చేసుకుని మరీ చదువుతాడు. వాళ్ళ వీధిలో తెలుగు చదవగలిగినవాళ్ళు అలాంటి పెద్దవాళ్ళే. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే బెంగాలీ, హిందీ. తెలుగు చదవమంటే ప్రతి వొత్తు దగ్గరా ఆగిపోతారు. అందుకే పుస్తకాలు కావాలని ఆమె వాదన. అందుకే అక్కర్లేదని ఘోషాల్ వాదన.

చివరికి ఈ పెట్టెల పథకం కాగితాల్లోనే ఉన్న "అన్ని భాషల బడులకు" అన్న మాటను పట్టుకుని, పై కమిటీ దాకా వెళ్ళి ఒప్పించింది. విజయవాడ నుంచి పార్సిల్ వచ్చింది. నంబరు చీటీలు అంటించే ఆయనకు తెలుగు అక్షరం ఏవైపు నిటారుగా ఉంటుందో తెలియక సగం పుస్తకాలకు తలకిందులుగా అంటించాడు. కారుణ్య తడిగుడ్డతో వాటన్నిటినీ ఊడదీసి మళ్ళీ అంటించుకుంది.

పెట్టె బడికి చేరిన రోజున హెడ్మాస్టరు సోమయాజులు ఆమెకు శాలువా కప్పారు. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారే ఆయన. పిల్లలను వరండాలో వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఘోషాల్ పెట్టె మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. ఆ ఫొటో లైబ్రరీ గోడమీదికి ఎక్కింది.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా మాస్టారు "బ్రహ్మాండంగా ఉందమ్మా" అనేవారు. ఆమె నమ్మింది. చిన్నప్పటి నుంచీ ఆయన మాటను నమ్మడమే అలవాటు.

డిసెంబరులో ఒకరోజు చెప్పకుండా బడికి వెళ్ళింది. ఇంటర్వెల్ సమయం. వరండాలో నాలుగో తరగతి పిల్లలు గోళీలాడుతున్నారు.

"లైబ్రరీ పుస్తకాలు చదివారా?" అని అడిగింది.

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏ పుస్తకాలు మిస్?"

"పెట్టెలో వచ్చినవిరా. ఆవేళ చప్పట్లు కొట్టారు కదా!"

"అవా," అంది లిల్లీ అనే పిల్ల. "హెడ్సార్ బీరువాలో ఉన్నాయి మిస్. అద్దంలోంచి అగుపిస్తాయి."

కారుణ్య హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. నిజమే. అద్దాల బీరువాలో, ఆటల పోటీల కప్పుల కింద, పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్ది ఉన్నాయి. బీరువాకు తాళం. తాళంచెవి మాస్టారి జేబులో.

"చూశావా అమ్మా?" అన్నారు సోమయాజులు సంతోషంగా. "ఎలా ఇచ్చారో అలాగే ఉన్నాయి. ఒక్కదానికి అట్ట నలగలేదు."

"మాస్టారూ, అవి పిల్లలు చదువుకోడానికండీ."

"చదువుతారమ్మా, చదువుతారు. ముందు చేతులు కడుక్కోవడం రావాలి కదా. నా సర్వీసు మొత్తానికి ఒకే ఒక్క మెమో వచ్చింది. దేనికనుకున్నావ్? పుస్తకాలకే. మధ్యలో బదిలీ మీద వెళ్ళిన బడిలో పిల్లలకిచ్చాను, చిరిగాయి, కొన్ని పోయాయి. ఇన్‌స్పెక్టరు నన్ను అందరి ముందూ నిలబెట్టి దొంగని అడిగినట్టు అడిగాడు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "మార్చిలో రిటైరవుతున్నాను. ఇప్పుడు ఇంకో మెమో నాకెందుకు చెప్పు?"

"చిరిగినా మేమేం అనమండీ."

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా? ఇవాళే బీరువా తెరుస్తాను."

కారుణ్యకు అప్పుడు గుర్తొచ్చింది. పెట్టెతోపాటు లైబ్రరీ ఇచ్చిన ఒప్పందంలో, పుస్తకం పాడైతే బాధ్యత బడిదేనని స్పష్టంగా ఉంది. అది టైపు చేసింది తనే. అన్ని బడులకూ అదే నమూనా కాబట్టి ఆలోచించకుండా చేసేసింది.

"రాయించుకొస్తాను మాస్టారూ," అని లేచింది.

వెళ్ళేముందు జ్యోతిరాణి తరగతికి వెళ్ళింది. జ్యోతిరాణి వాళ్ళ వీధి మనిషే, వాళ్ళ చర్చిలోనే పాటలు పాడుతుంది. ఆ బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో ఆమె చేతిలో ఉన్నాయి. ఒక వరసకు లెక్కలిచ్చి, ఒక వరసకు డిక్టేషన్ చెప్తూ, మధ్యలో మూడో తరగతి వాళ్ళ దెబ్బలాట తీరుస్తోంది.

"జ్యోతక్కా, నువ్వైనా అడిగి తీసుకోవచ్చు కదా ఆ పుస్తకాలు," అంది కారుణ్య గుమ్మంలో నిలబడే.

జ్యోతిరాణి చాక్‌పీస్ బల్ల మీద పడేసింది.

"ఏటి కారుణ్యా, నామీద పడ్డావు? అడగనేదనుకున్నావా? రెండుసార్లు అడిగినాను. 'ముందు పోర్షన్ అవనీ' అన్నారు. పోర్షన్ ఎప్పుడవుద్ది? మూడు క్లాసులు, నేనొక్కదాన్ని. దాని మీద మీ ట్రైనింగొకటి."

"ట్రైనింగ్ బాగుందన్నావు కదా!"

"నీ మొహం చూసి అన్నాను. శనివారం, బస్సులో నిలబడి భవానీపూర్ వచ్చినాను. ఆయనెవరో ఇంగ్లీషులో మాటాడినాడు, మధ్యలో బంగ్లాలో జోకులేసినాడు. పిల్లలకి సదవడం అంటే ఆనందం కలిగించాలట. గోడల నిండా బొమ్మలెట్టాలట. నా గోడ సూడు!" ఆమె వేలెత్తి చూపించింది. చెమ్మ దిగి గోడ పెచ్చులూడిపోయి ఉంది. "బొమ్మ అంటించితే సాయంత్రానికి ఊడి పడిపోద్ది. ఒక్కరైనా, 'అమ్మా, నీ క్లాసు ఎలగుంటాది?' అని అడిగినారేటి? నువ్వడిగినావా?"

కారుణ్య అడగలేదు. ఆ శిక్షణ ఏర్పాటు చేసింది తనే. ఆ వక్తను పిలిపించగలిగినందుకు చాలారోజులు గర్వపడింది కూడా. ఇప్పుడు చెవులు వేడెక్కాయి. సిగ్గో కోపమో తెలియలేదు.

మర్నాడే ఘోషాల్‌ను అడిగింది. పుస్తకాలు చిరిగినా బడిని అడగబోమని ఒక్క ముక్క రాసివ్వమంది.

"ఆడిట్‌లో నేనేం చెప్పాలి?" అన్నాడాయన. "ఒక్క బడికి రాసిస్తే మిగతా బడులన్నీ అడుగుతాయి."

"అడగనివ్వండి సార్. పిల్లలు చదివితే పుస్తకాలు చిరగవా?"

"నువ్వు చెప్పేది సబబే. కానీ అది నేను రాసివ్వలేను."

ఆమెను అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఆ మాటే. సబబు కాదంటే పోట్లాడొచ్చు. సబబే అంటూనే చెయ్యని మనిషితో ఏం చెయ్యాలి? మాస్టారు చెడ్డవాడు కాదు, ఘోషాల్ చెడ్డవాడు కాదు, జ్యోతక్క అన్నదాంట్లో అబద్ధం లేదు. పుస్తకాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.

జనవరిలో సమీక్ష జరిగింది. ఏ బడిలో పిల్లలు ఎన్ని పుస్తకాలు తీసుకున్నారో అడిగారు. తెలుగు బడి దగ్గరికి వచ్చేసరికి కారుణ్య "ఒక్కటీ లేదు" అని చెప్పక తప్పలేదు. ఎందుకు లేదో కూడా చెప్పబోయింది. బీరువా మాట, ఒప్పందం మాట ఎత్తింది. కమిటీలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. పెట్టెను వెనక్కి తెప్పించి, ఎదురుచూస్తున్న ఇంకో బడికి ఆ పెట్టెలో వేరే పుస్తకాలు పెట్టి పంపాలని నిర్ణయం అయింది. తెలుగు పుస్తకాలు కింద స్టోర్‌లో ఉంచాలి.

"నేను ముందే అన్నాను," అన్నాడు ఘోషాల్ బయటికి వస్తూ. వెక్కిరించలేదు. జాలిగానే అన్నాడు. ఆ జాలికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మెట్ల మీద కూర్చుని, అన్నం డబ్బా విప్పకుండానే మధ్యాహ్నం గడిపేసింది.

పెట్టె తేవడానికి తనే వెళ్ళింది. సోమయాజులు బీరువా తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగించారు. ఆయన మొహంలో గండం గడిచినట్టు కనిపించింది. కారుణ్య అది చూసి ఇక ఊరుకోలేకపోయింది.

"మాస్టారూ, టాక్సీ రావడానికి ఇంకా టైముంది. ఒక్క పుస్తకం పిల్లలకి చదివి వినిపిస్తాను."

ఆయన పైనున్న పుస్తకం అట్ట తుడిచారు. "నువ్వే పట్టుకుని చదువు. వాళ్ళ చేతికివ్వకు," అన్నారు.

జ్యోతిరాణి గదిలో పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కారుణ్య పైనున్న పుస్తకం తీసింది. రంగురంగుల బొమ్మలు, మంచి కాగితం. కేటలాగులో చూసి ముచ్చటపడి తెప్పించిన పుస్తకం.

"ఆ సాయంసంధ్యలో కుందేలు తన మిత్రుని నివాసమునకు పయనమైంది," అని మొదలుపెట్టింది.

ఈ బడిలో ఎంత నేర్చుకున్నా, ఆమె తెలుగు చదివింది ఎక్కువగా చర్చివాళ్ళ ఆదివారం బడిలోనే. బైబిలు వాక్యాలు గడగడా వచ్చు, ఎందుకంటే అవి నోటికి వచ్చు. కొత్త పుస్తకం వేరు. 'సాయంసంధ్య' దగ్గర ఒకసారి, 'ప్రవాహము' దగ్గర ఒకసారి తడబడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మిస్, నివాసం అంటే ఏటి?"

"ఇల్లు."

"మరి ఇల్లు అని రాయొచ్చు కదా," అంది లిల్లీ.

పేజీ తిప్పేసరికి ముగ్గురు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒకడు పక్కవాడి చొక్కా గుండీ లాగుతున్నాడు. ఏడాదిన్నర పోట్లాడి తెచ్చిన పుస్తకం. కారుణ్య వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

గోడకు ఆనుకుని చూస్తున్న జ్యోతిరాణి ముందుకు వచ్చింది. "ఇలాగియ్యి," అంటూ పుస్తకం తీసుకుంది. ఒక పేజీ మనసులో చదువుకుంది. తర్వాత పుస్తకం బొమ్మలవైపు పిల్లలకు తిప్పి పట్టుకుంది.

"పొద్దుగూకిపోయింది. కుందేలు దాని నేస్తం ఇంటికి బయలెల్లింది. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి ఏటయ్యింది? లాంచి ఎల్లిపోయింది!"

"అయ్యో!" అన్నాడు గుండీ లాగుతున్నవాడు.

"ఆకరి లాంచియా టీచర్?"

"ఆకరిదే. గట్టు మీద ఒక్క తాబేలు తప్ప ఎవలూ నేరు. కుందేలు అడిగింది, 'ఓ దాదా, నన్ను అవతల దింపుతావేటి?' అని. తాబేలు కుందేలుని ఎగాదిగా చూసింది."

పిల్లలు పకపకా నవ్వారు. పుస్తకంలో ఘాటూ లేదు, లాంచీ లేదు, బెంగాలీలో అన్నను పిలిచే దాదా లేదు. నది మాత్రం ఉంది. జ్యోతిరాణి మధ్యమధ్య ఆగి పుస్తకంలోని ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివేది, వెంటనే తన మాటల్లో చెప్పేది. రెండుమూడు పేజీలయ్యాక లిల్లీ ముందుకు వంగి, బొమ్మ కింద ఉన్న మాటను వేలితో చూపిస్తూ "ప్ర... వా... హ... ము. ఇది ప్రవాహం కదా టీచర్?" అంది. తన వేలు పేజీకి తగలకుండా గాల్లోనే పెట్టింది. హెడ్సార్ బీరువా తాళం గుర్తుండే కాబోలు.

కథ నడినదిలో ఉండగా సోమయాజులు గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, టాక్సీ వచ్చింది. వాడు హారన్ కొడుతున్నాడు."

"ఇంకొంచెమే ఉందండీ," అంది కారుణ్య.

"పార్కింగు లేదమ్మా అక్కడ. పోలీసు వస్తాడు."

పుస్తకం పెట్టెలోకి వెళ్ళింది. ఇద్దరు పెద్దపిల్లలు పెట్టె మోసుకెళ్ళి టాక్సీ డిక్కీలో పెట్టారు. మిగతావాళ్ళు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "గోల్పో అయిపోయిందా మిస్?" అని ఎవరో అడిగారు. ఆ వీధి పిల్లలు కథను గోల్పో అనే అంటారు. కారుణ్య టాక్సీ వైపు నడిచింది.

జ్యోతిరాణి టాక్సీ దాకా వచ్చింది. పిల్లలకు వినపడకుండా, పళ్ళ బిగువున అంది.

"ముద్ద నోటి దగ్గరికి తెచ్చి లాగీసుకుంటున్నారు. దీనికి మీరు రాకపోయినా బాగుండేది."

టాక్సీ డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు.

దారిపొడుగునా ఆ మాటే కారుణ్యను పొడిచింది. రాకపోయినా బాగుండేది. ఎవరి మీద అరవాలో తెలియక, దారి తప్పకపోయినా దారి తప్పావంటూ డ్రైవరు మీద అరిచింది.

మర్నాడు పథకం నిబంధనలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివింది. బడికి పెట్టె ఇవ్వడం గురించి ఉంది, అది అయిపోయింది. పిల్లలకు సభ్యత్వం ఇవ్వాలంటే తల్లిదండ్రులు స్వయంగా రావాలి. డాక్‌లో షిఫ్టులు మానుకుని ఎవరొస్తారు? ఆ తర్వాత టీచర్ల గురించి ఉంది. శిక్షణకు హాజరైన టీచరుకు తన పేరు మీద కార్డు ఇవ్వొచ్చు, పది పుస్తకాలు తీసుకోవచ్చు. ఆ కార్డు ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. ఉందని ఏ టీచరుకూ చెప్పలేదు. చెప్పాల్సిన విభాగం తమదే.

ఘోషాల్ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆ బడి పథకంలోంచి పోయింది కదా," అన్నాడాయన.

"బడి పోయింది సార్. టీచరు శిక్షణకి వచ్చింది. మీరే సర్టిఫికెట్ ఇచ్చారు, ఫొటో కూడా ఉంది."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "మనం పంపడం కుదరదు. ఆవిడే వచ్చి తీసుకెళ్ళాలి," అని సంతకం పెట్టాడు.

జ్యోతిరాణికి ఫోన్ చేసి చెబితే ఆమె ఎగిరి గంతెయ్యలేదు.

"మళ్ళీ నేనే రావాలా? బస్సెక్కి? ఉన్న ఒక్క శనివారం?"

"హెడ్మాస్టరు గారితో పనిలేదక్కా. నీ పేరు మీద, నీ సంచీలోకి."

"సూస్తాను," అని పెట్టేసింది.

ఆ శనివారం రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. కారుణ్య మొదటి వారం సాయంత్రం దాకా కిటికీలోంచి చూసింది, రెండో వారం చూడనట్టు చూసింది. ఇంక ఎవరికోసమూ ఏమీ చెయ్యనని తండ్రి దగ్గర ప్రకటించింది. ఎలీయాజరు, "భోజనం చేసి అను," అన్నాడు.

మూడో శనివారం మధ్యాహ్నం జ్యోతిరాణి రెండు గుడ్డసంచులతో మెట్లెక్కి వచ్చింది. మొహం నిండా చెమట. మంచినీళ్ళు కూడా అడగకుండా, "ఎక్కడున్నాయి?" అంది.

తెలుగు పుస్తకాలు అప్పటికి స్టోర్‌లోకి వెళ్ళాయి. ఇద్దరూ కిందికి వెళ్ళారు. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటోంది. జ్యోతిరాణి నేల మీద చతికిలబడి పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. కారుణ్య తనకు నచ్చినవి అందించింది. ఆమె ఒక్కోటీ రెండు వాక్యాలు చదివి పక్కకు తోసేసింది.

"ఇది వొద్దు. ఇదీ వొద్దు. ఇది ఎవలి కోసం రాసినారో, రాసినాయనకే తెలవాలి."

"దీనికి బహుమతి వచ్చిందక్కా."

"వొస్తే బీరువాలో పెట్టుకో."

కారుణ్యకు రోషం వచ్చింది. "ఒక్కో పుస్తకం ఎంత చూసి తెప్పించాననుకున్నావు!"

"నువ్వు సూసినావు. నా క్లాసు పిల్లల్ని, నా గుంటల్ని సూసినావేటి?" జ్యోతిరాణి తలెత్తలేదు. "పెద్దక్షరాలుండాల. వాక్యం పొట్టిగుండాల. బొమ్మ సూసి సగం కథ వాళ్ళే సెప్పీగలగాల. అలాంటివి ఇందులో ఎన్నున్నాయి? ఏడు. ఇంక లెక్కకి ఆ కుందేలుది ఎట్టు. దాన్ని మధ్యలో ఒగ్గీసినాం, రోజూ నా ప్రాణం తీస్తన్నారు."

మిగిలిన రెండింటి కోసం ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒకదానికి జ్యోతిరాణి మాట, ఒకదానికి కారుణ్య మాట నెగ్గింది. కౌంటరు దగ్గర గుమాస్తా కొత్త రకం కార్డు ఎప్పుడూ చూడలేదంటూ ముగ్గురిని పిలిచి అడిగాక గానీ ముద్ర వెయ్యలేదు.

జ్యోతిరాణిని బస్సెక్కించి కారుణ్య పైకి వచ్చేసరికి ఘోషాల్ వార్షిక నివేదిక చూసుకుంటున్నాడు. తెలుగు బడి ఎదురుగా 'స్పందన లేక నిలిపివేయడమైనది' అని రాసి ఉంది.

"సార్, ఆ టీచరు ఇప్పుడే పది పుస్తకాలు తీసుకెళ్ళింది. ఈ మాట మార్చండి."

"ఒక టీచరు బడి కాదు, కారుణ్యా. ఏ గడిలో రాయమంటావు?"

"గడి లేకపోతే కింద రాయండి. స్పందన లేకపోవడమేంటి సార్? మనం ఇచ్చిన కాగితానికి భయపడి తాళం వేశారు. అది రాయండి."

ఘోషాల్ ఏదో అనబోయాడు. ఫోన్ మోగింది. ఆయన మాట్లాడుతూనే నివేదికను ఫైల్లో పెట్టి ప్యూన్‌కు అందించాడు. ఫైలు ఆమె కళ్ళముందే గది దాటి వెళ్ళిపోయింది.

ఆమె తన కుర్చీలో కూలబడింది. మార్చిలో మాస్టారు వెళ్ళిపోతారు. వచ్చే హెడ్మాస్టరు ఎలాంటివాడో తెలియదు. ఒప్పందంలో ఆ వాక్యం మార్చమని మళ్ళీ అర్జీ పెట్టాలి, మళ్ళీ కమిటీ, మళ్ళీ ఎవరో గడియారం చూసుకోవడం. తెల్లకాగితం తీసింది. రాయడానికి చెయ్యి రాలేదు.

సెల్‌ఫోన్ మోగింది. జ్యోతిరాణి. వెనక బస్సు చప్పుడు, కండక్టరు కేకలు.

"కారుణ్యా, సీటు దొరికింది. నువ్వు పట్టుబట్టి ఇచ్చినావు సూడు, ఆ పుస్తకం సదువుతన్నాను. రెండో పేజీలోనే అచ్చుతప్పు. ఇలాంటిది ఎలా కొన్నావే?"

కారుణ్యకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది.

"తిరిగి తెచ్చెయ్యక్కా, వేరేది ఇస్తాను."

"ఎందుకూ? తప్పు ఎక్కడుందో గుంటల్నే పట్టుకోమంటాను. సరే గానీ, మళ్ళీ కొన్నప్పుడు నన్నడుగు. ఇను, మా స్టాపు వచ్చీసింది, పెట్టీస్తన్నాను."

లైను తెగిపోయింది. కారుణ్య ఫోన్ బల్ల మీద పెట్టి, కలం మూత తీసింది. కాగితం పైన 'తెలుగు బడికి పుస్తకాల ఎంపిక' అని రాసి, దాని కింద మొదటి వాక్యంలోనే జ్యోతిరాణి పేరు రాసింది.